దోషి ఎవరో తెలిశాక కూడా



హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో, ఫతే మైదాన్ దగ్గర సందులో, పాత గోడలు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి. 1786లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం సైన్యం కోసం ఫిరంగులు పోత పోయించిన కార్ఖానా అది. పాతవాళ్ళు తోప్ కా సాంచా అంటారు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అది సహజ మరణం కాదేమోనన్న అనుమానం అప్పుడే పుట్టింది, ఈనాటికీ తీరలేదు. 

ఆ గోడల దగ్గర నుంచి నడుచుకుంటూ వెళితే కాసేపట్లో ఆబిడ్స్ వస్తుంది. ఒకప్పుడు అక్కడ అడుగడుగునా సినిమా హాళ్ళే. పాలెస్, జమ్రూద్ మహల్, సాగర్, సంతోష్, సప్న, ఎన్టీఆర్ గారి రామకృష్ణ. ఊళ్ళ నుంచి నాంపల్లి స్టేషన్లో దిగినవాళ్ళు పని చూసుకుని, రాత్రి బండికి టైముంటే ఏదో ఒక హాల్లో ఒక ఆట చూసి వెళ్ళేవారు. ఆ హాళ్ళలో చాలావాటి తలుపులు ఎప్పుడో మూతపడ్డాయి. వాటి తెరల మీద కదిలిన ఒక రకం సినిమా గురించి ఈ రోజు మీతో మాట్లాడాలని వచ్చాను. మనం సస్పెన్స్ సినిమా అంటాం. నలుపు తెలుపుల్లో తీసినవి, ఒక హత్య, ఒక అనుమానం, వానలో తడిసిన రోడ్డు, తలుపు సందులోంచి పడే సన్నని వెలుగు. లోకమంతటా వాటిని ఫిల్మ్ నువార్ అంటున్నారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దోషి ఎవరో తెలిశాక కూడా మళ్ళీ చూడాలనిపించేదే మంచి సస్పెన్స్ సినిమా. ముడి విప్పేశాక పక్కన పడేసేది పొడుపుకథ. ఈ సినిమాలు పొడుపుకథలతో కలిసిపోకూడదని నా కోరిక.

ఫిల్మ్ నువార్ అనే ఆ ఫ్రెంచి పేరు ఎలా వచ్చిందో కాస్త చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణ కింద ఉన్న ఫ్రాన్సుకు అమెరికా సినిమాలు రాలేదు. యుద్ధం ముగిశాక, 1946లో, ‘ది మాల్టీస్ ఫాల్కన్’, ‘డబుల్ ఇండెమ్నిటీ’, ‘లారా’ లాంటివి కొద్ది వ్యవధిలో పారిస్ చేరాయి. అన్నీ దగ్గర దగ్గరగా చూసిన విమర్శకులకు అమెరికావాళ్ళకే తోచని పోలిక ఒకటి కనిపించింది. వీటిలో నాయకుడు పూర్తిగా మంచివాడు కాడు. ప్రేమించిన మనిషిని నమ్మవచ్చో లేదో తెలియదు. నగరం మొత్తం రాత్రిలోనే బతుకుతుంది. నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు ఆ సినిమాలకు నల్ల సినిమాలని పేరు పెట్టాడు. అవి తీసినవాళ్ళలో కొందరు హిట్లర్ జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్ళు: ఫ్రిట్జ్ లాంగ్, బిల్లీ వైల్డర్, రాబర్ట్ సియోడ్మాక్. నీడతో భయం పుట్టించడం వాళ్ళు జర్మనీ స్టూడియోల్లో నేర్చుకున్న విద్య. ఆ విద్య మన దేశానికి వేరే దారిలో వచ్చింది. జోసెఫ్ విర్షింగ్ అనే జర్మన్ కెమెరామన్ బొంబాయి టాకీస్‌లో పనిచేశాడు. 1949 నాటి ‘మహల్’లో ఆ మేడ, ఆ ఊయల, ఆ వెలుగునీడలు ఆయన చేతి పనే.

ఇక హైదరాబాదు సంగతికి వస్తాను. ఈ కథ మనవాళ్ళలో ఎంతమందికి తెలుసోగాని, అందరికీ తెలియాల్సిన కథ.

1955లో గురుదత్ హైదరాబాదు వచ్చాడు. అప్పటికే ‘బాజీ’, ‘ఆర్ పార్’ తీసి, బొంబాయి వీధుల్ని, జూదశాలల్ని, టాక్సీ డ్రైవర్లని తెరకెక్కించిన దర్శకుడు. ఆయన రచయిత అబ్రార్ అల్వీ తర్వాతి కాలంలో చెప్పిన ప్రకారం, వాళ్ళు వచ్చింది మన ‘మిస్సమ్మ’ చూడటానికి. హిందీలో తీయవచ్చేమో చూద్దామని. దారిలో కారు ఒక గేదెను గుద్దింది. బండి బాగయ్యే వరకు ఆగక తప్పలేదు. ఒక డిస్ట్రిబ్యూటరు ఆఫీసులో కూర్చుని ఉండగా బయట కలకలం వినిపించింది. ఒక కారు చుట్టూ జనం మూగుతున్నారు. ఆ కారులో ఉన్నదెవరని అడిగితే, తెలుగులో కొత్తగా వచ్చిన ఒక సినిమాలో ఒకే ఒక పాటకు నాట్యం చేసిన అమ్మాయి అన్నారు.

ఆ సినిమా తాపీ చాణక్య తీసిన ‘రోజులు మారాయి’. ఆ పాట కొసరాజు గారి ఏరువాక పాట, బాణీ మాస్టర్ వేణుది, గొంతు జిక్కీది. ఆ అమ్మాయి వహీదా రెహమాన్. సినిమా విజయోత్సవం కోసం ఊరికి వచ్చింది. గురుదత్ కబురు పెడితే తల్లితో కలిసి ఆఫీసుకు వచ్చింది. ఆయన పెద్దగా మాట్లాడలేదు. ఉర్దూ వచ్చా అని అడిగాడట. వచ్చన్నది. అంతటితో వెళ్ళిపోయాడు. కొన్ని నెలలకు బొంబాయి నుంచి పిలుపు వచ్చింది. పేరు మార్చుకోమన్నారు. మార్చుకోనంది. నాకు నచ్చని బట్టలు తొడగనని ఒప్పందంలో రాయమంది. పద్దెనిమిదేళ్ళు కూడా నిండని కొత్త పిల్లకు ఆ నిబ్బరం ఎక్కడిదని ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది నాకు.

ఆమె మొదటి హిందీ సినిమా 1956లో వచ్చిన ‘సి.ఐ.డి.’ గురుదత్ నిర్మాత, రాజ్ ఖోస్లా దర్శకుడు, కెమెరా వి.కె. మూర్తి, సంగీతం ఓ.పి. నయ్యర్. ఒక పెద్దమనిషి గుట్టు బయటపెట్టబోతున్న పత్రికా సంపాదకుడు హత్యకు గురవుతాడు. ఇన్‌స్పెక్టర్ శేఖర్‌గా దేవానంద్ ఆ కేసు పట్టుకుంటాడు. పట్టుబడ్డ హంతకుడు లాకప్‌లో చస్తాడు, ఆ నేరం ఇన్‌స్పెక్టర్ మెడకే చుట్టుకుంటుంది. ఈ వలలో అతన్ని లాగే కామిని వేషం వహీదాది. ఏరువాక పాటలో పల్లె పడుచు, ఇక్కడ కారు నడుపుతూ వచ్చి పోలీసు అధికారిని ఎక్కించుకుపోయి లంచం చూపించే రహస్య స్త్రీ.

ఆ సినిమా మళ్ళీ చూసేవాళ్ళు ఒక ఘట్టం దగ్గర ఆగి చూడండి. చివర్లో శేఖర్ గాయంతో ఒక మేడలో దాక్కుని ఉంటాడు. అసలు దుర్మార్గుడు అదే ఇంట్లో తిరుగుతున్నాడు. అప్పుడు కామిని పాట అందుకుంటుంది. మామూలు సినిమాలో పాట అంటే కథ ఆగడం. ఇక్కడ పాట ఉన్నంతసేపు ఒక మనిషి ప్రాణం నిలుస్తుంది. ఆమె నవ్వు విలన్ కోసం, చూపు మాత్రం తలుపు మీద. పాట చరణం మారుతుంటే మన గుండె కొట్టుకోవడం మారుతుంది. మొదటిసారి చూసినప్పుడు అతను తప్పించుకుంటాడా అని చూస్తాం. రెండోసారి ఆమె ముఖమే చూస్తాం, ఎందుకంటే ఆమె ఏ పక్షమో ఇప్పుడు మనకు తెలుసు, విలన్‌కు తెలియదు. అందుకే రెండోసారి ఇంకా బాగుంటుంది.

ఆ ఏరువాక బాణీ ఊరికే ఉండలేదు. 1960లో ఎస్.డి. బర్మన్ దాన్నే ‘బంబయి కా బాబు’లో వాడారు. అదీ నేరం చేసి పారిపోయిన మనిషి కథే, దానికీ దర్శకుడు రాజ్ ఖోస్లాయే. దుక్కి దున్నే పాట నీడల సినిమాకు రెండు వైపుల నుంచి అల్లుకుపోయింది.

రెండోసారి ఎందుకు బాగుంటుందో హిచ్‌కాక్ బాగా విడమరిచి చెప్పాడు, ఫ్రెంచి దర్శకుడు త్రుఫోతో జరిపిన సంభాషణల్లో. ఆయన ఉదాహరణను మన ఊరికి తెస్తాను. ఆబిడ్స్‌లో ఒకప్పుడు ఓరియంట్ హోటల్ ఉండేది. కవులు, పత్రికలవాళ్ళు గంటల తరబడి చాయ్ మీద చాయ్ తాగుతూ కూర్చునే చోటు. అక్కడ ఇద్దరు మిత్రులు కబుర్లాడుకుంటున్నారనుకోండి. బల్ల కింద బాంబు ఉంది. మనకు తెలియదు, వాళ్ళకూ తెలియదు. పేలింది. మనకు పదిహేను సెకన్ల ఉలికిపాటు. అదే బాంబు అక్కడ పెట్టడం మనం చూశామనుకోండి, గోడ గడియారం ఒంటిగంటకు పది నిమిషాలు చూపిస్తోంది, బాంబు పేలేది ఒంటిగంటకని మనకు తెలుసు. ఇప్పుడు ఆ ఇద్దరూ ఉస్మానియా బిస్కట్ గురించి మాట్లాడుకున్నా మనం ఊపిరి బిగబట్టి వింటాం. లేవండి, వెళ్ళిపోండి అని తెరకు చెప్పాలనిపిస్తుంది. ఉలికిపాటు సెకన్లలో తీరిపోతుంది, ఉత్కంఠ నిమిషాల తరబడి నిలుస్తుంది అన్నది ఆయన లెక్క. ప్రేక్షకుడికి విషయం దాచిపెట్టడం కన్నా ముందుగా చెప్పడమే గొప్ప సస్పెన్స్. ఆ కిటుకు తెలిసినవాళ్ళు తీసిన సినిమాలే ఈనాటికీ నిలిచాయి.

మన తెలుగులో నువార్ ఉందా అని అడిగితే, పూర్తిగా ఆ మూసలో పోసినవి తక్కువే. కానీ ఆ రక్తం మన సినిమాల్లో మొదట్నుంచీ ఉంది. 1945 నాటి బి.ఎన్. రెడ్డి గారి ‘స్వర్గసీమ’ చూడండి. వీధిలో ఆడి పాడే సుబ్బి, సుజాత అనే రంగస్థల తారగా మారి, భార్యాపిల్లలున్న ఒక పెద్దమనిషి సంసారాన్ని కూలదోస్తుంది. సుబ్బిగా భానుమతి గారు, ఆ పెద్దమనిషిగా నాగయ్య గారు, కెమెరా మార్కస్ బార్ట్లీ. పావురం పాటలో ఆ కూనిరాగానికి ‘బ్లడ్ అండ్ శాండ్’ అనే ఇంగ్లీషు సినిమా ప్రేరణ అని భానుమతి గారే చెప్పుకున్నారు. ఆ సినిమాలో మోహిని వేషం వేసిన రీటా హేవర్త్, ‘స్వర్గసీమ’ వచ్చిన మరుసటి ఏడాది ‘గిల్డా’తో నువార్ లోకానికే రాణి అయింది. హాలీవుడ్‌లో ఆ మోహిని పాత్ర రూపు దిద్దుకుంటున్న రోజుల్లోనే మన మద్రాసులో భానుమతి గారు దాన్ని ఆడి చూపించారు. సుబ్బి కళ్ళలో కొంటెతనం, కాస్త లోకం మీద కసి, రెండూ కనిపిస్తాయి. ఆ వేషానికి ఆవిడ కన్నా దీటైనవారు తెలుగులో రాలేదని నా అభిప్రాయం.

1954లో మద్రాసులోనే ఏవీఎం వాళ్ళు తమిళంలో ‘అంద నాళ్’ తీశారు. హత్యకు గురైన మనిషి గురించి తలా ఒక కథ చెబుతారు. ఒక్క పాట లేదు. దర్శకుడు ఎస్. బాలచందర్ గొప్ప వీణ విద్వాంసుడు. అంతటి సంగీతజ్ఞుడు పాట అక్కర్లేదని తీసేశాడు చూడండి! నాకు తెలిసినంతలో ఆ రోజుల్లో ఆ సాహసం మనవాళ్ళు చేయలేదు.

మనవాళ్ళు చేసింది వేరు. పాటలు ఉంచి, సస్పెన్స్‌ను వాటి మధ్య నడిపించారు. వి. మధుసూదనరావు గారు 1963లో ఎన్టీఆర్‌తో ‘లక్షాధికారి’, మరుసటి ఏడాది అక్కినేనితో ‘ఆత్మబలం’ తీశారు. ‘ఆత్మబలం’ అనగానే అందరికీ ఆ వాన పాట గుర్తొస్తుంది. నాకు మాత్రం జగ్గయ్య గారు గుర్తొస్తారు. మనసు కుదురు తప్పిన మనిషి వేషం. అసూయతో కాలిపోతూ, ప్రేమ కోసం దేబిరిస్తూ, అంతలోనే భయపెడుతూ ఆయన ఆ పాత్రను ఎక్కడా అరుపుల్లోకి జారనివ్వలేదు. జగ్గయ్య గారు సినిమాల్లోకి పూర్తిగా రాకముందు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివినవారు. గొంతు ఎక్కడ తగ్గించాలో, ఏ మాట ముందు ఆగాలో మైకు ముందు నేర్చుకున్న మనిషి. ఆ విరామాల్లోనే ఉంది భయమంతా.

1966లో ఆయనే, జయలలిత గారితో ‘ఆమె ఎవరు?’లో నటించారు. అది హిందీ ‘వో కౌన్ థీ’కి తెలుగు. ఆ హిందీ సినిమా కూడా మన రాజ్ ఖోస్లాదే. జోరు వాన, అర్ధరాత్రి, కారు అద్దం మీద వైపర్ కదలిక, దాని అవతల రోడ్డు మధ్య తెల్లచీర కట్టుకుని నిలుచున్న ఆడమనిషి. డాక్టరు ఆమెను కారెక్కించుకుంటాడు, ఆమె శ్మశానం దగ్గర దించమంటుంది. ఆ తెల్లచీర రంగుల సినిమాలో అయితే అంత వెలగదు. చుట్టూ అన్నీ నలుపే గనుక, చూపంతా ఆ తెలుపు మీదికే పోతుంది. కెమెరామన్ చేసేది చాలావరకు లైట్లు ఆర్పడమే. ఏది కనపడకూడదో ముందు తేల్చుకుని, ఆ తర్వాత ఒక్క లైటు వెలిగిస్తాడు.

మరుసటి ఏడాది కృష్ణ గారు, కాంచన గారు నటించిన ‘అవే కళ్ళు’ రంగుల్లో వచ్చింది. ముసుగులోంచి రెండు కళ్ళు తప్ప హంతకుడు కనపడడు. ఆ రోజుల్లో ఇళ్ళల్లో పిల్లలు దుప్పట్లు కప్పుకుని ఆ కళ్ళను తలుచుకున్నవారే. ఇంతటి సినిమాలోనూ ఒక లోపం చెప్పాలి. భయం చిక్కబడే వేళకు హాస్యం వచ్చి దాన్ని పలచన చేస్తుంది. పాట సస్పెన్స్‌ను చెడగొట్టదు, ‘సి.ఐ.డి.’ ఆ మాట నిరూపించింది. కథతో సంబంధం లేని హాస్యం మాత్రం చెడగొడుతుంది. మన దర్శకులు జనం భయపడి లేచిపోతారేమోనని జంకారు. జనం లేచిపోరు. ఆ భయం కోసమే వస్తారు.

ఈ జంకు లేకుండా తీసినవాడు వంశీ, 1985లో ‘అన్వేషణ’. పక్షుల కూతల మీద పరిశోధనకు అడవికి వచ్చిన అమ్మాయిగా భానుప్రియ. అంతకు ముందే ఆ అడవిలో ఒక ప్రాణం పోయింది. పులి చంపిందంటారు. పులేనా? ఎం.వి. రఘు కెమెరా ఆ చెట్ల మధ్య నడుస్తుంటే, ఇళయరాజా సంగీతం ఎక్కడ ఆగి పిట్ట కూత ఎక్కడ మొదలవుతుందో తెలియదు. నగరం లేని నువార్ అది. వానలో తడిసిన రోడ్డుకు బదులు ఎండుటాకుల చప్పుడు. తెలుగు సస్పెన్స్ సినిమాల్లో నా ఓటు దానికే.

చప్పుడు మాట వచ్చింది గనుక, రేడియో వినేవాళ్ళకు ఒక సినిమా ప్రత్యేకంగా చెప్పాలి. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ జర్మనీలో తీసిన ‘ఎమ్’. పిల్లల్ని చంపే ఒక ఉన్మాది ఊరిని వణికిస్తుంటాడు. పోలీసులు పట్టుకోలేరు. అతనికి ఒక అలవాటు ఉంది, మనసు వశం తప్పినప్పుడు ఒక బాణీ ఈల వేస్తాడు. వీధిలో బుడగలమ్మే ఒక అంధుడు ఆ ఈల గుర్తుపడతాడు. ఊరంతా కళ్ళు విప్పుకుని వెతుకుతున్న హంతకుణ్ణి ఒక చూపులేని మనిషి చెవితో పట్టిస్తాడు. హంతకుడి వేషం వేసిన పీటర్ లారీకి ఈల రాకపోతే దర్శకుడు లాంగ్ తానే వేశాడు. సినిమాకు మాట వచ్చిన తొలి ఏళ్ళలోనే శబ్దంతో ఇంత పని చేయించవచ్చని చూపిన సినిమా అది.

మన వివిధభారతిలో సంక్షిప్త శబ్ద చిత్రం అని వచ్చేది. సినిమా సౌండ్‌ట్రాక్‌ను గంటకు కుదించి వినిపించేవారు. సస్పెన్స్ సినిమా వేసిన రోజున తలుపు కిర్రుమన్న చప్పుడు, అడుగుల చప్పుడు, ఒక కేక. బొమ్మ మనమే వేసుకోవాలి. మెదడు వేసుకునే చీకటి కన్నా చిక్కని చీకటి ఏ కెమెరామన్ వేయలేడు.

ఆ చీకటికి మనల్ని అలవాటు చేసినవాళ్ళు మరికొందరున్నారు. ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటే, వాటి ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఆ గుట్టల్లో ఓపిగ్గా వెతికితే ఇంకా అప్పుడప్పుడు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవల దొరుకుతుంది. డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్, ఆ తర్వాత మధుబాబు షాడో. అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారి మారి అట్టలు నలిగిపోయిన పుస్తకాలు. వాటిని కాలక్షేపం సరుకని సాహిత్య చరిత్రలో పక్కన పెట్టారు, అది న్యాయం కాదు. అలంకారాలు లేని తెలుగు వాక్యంతో పాఠకుణ్ణి పేజీ తిప్పించడం కొమ్మూరి గారికి తెలిసినంత కొద్దిమందికే తెలుసు. సస్పెన్స్ సినిమాకు టిక్కెట్టు కొన్న తెలుగు ప్రేక్షకుణ్ణి తయారుచేసింది ఆ నవలలే.

అవే గుట్టల్లో సినిమా పాటల పుస్తకాలు కూడా ఉంటాయి. నాలుగు పేజీల కాగితం, పైన బొమ్మ, లోపల పాటలు, మొదట్లో కథా సంగ్రహం. కథ సరిగ్గా ముడి పడిన చోట ఆపేసి, తరువాయి వెండితెర మీద చూడండి అని ముగించేవారు. సస్పెన్స్ సినిమాల పాటల పుస్తకాల్లో ఆ ఆపడం చూడాలి. హత్య జరిగింది, నాయకుడి మీద నేరం పడింది, అసలు హంతకుడెవరు? అంతటితో సరి. ఈ రోజు ఆ కాగితానికి వేరే విలువ ఉంది. పాత తెలుగు సినిమాలు ఎన్నో పోయాయి. 1932 నాటి మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటే లేదు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికే నష్టం చాలా జరిగిపోయింది. ప్రింటు పోయిన సినిమాకు కొన్నిసార్లు ఈ పాటల పుస్తకమే మిగిలిన సాక్ష్యం. చివరి సగం కథ ఇక ఎవరికీ తెలియదు.

ఉన్నవాటినైనా సరిగ్గా చూద్దాం. పాత నలుపు తెలుపు సినిమా చూసేటప్పుడు గదిలో లైట్లు ఆర్పండి. టీవీలో వెలుగు బాగా పెంచి ఉంటే తగ్గించండి. ఎక్కువ వెలుగులో నీడలు బూడిద రంగుకు తిరిగి, కెమెరామన్ దాచినవన్నీ బయటపడతాయి. రంగులద్దిన ప్రతులు వస్తున్నాయి, ఈ రకం సినిమాలకు మాత్రం వాటి జోలికి పోకండి. ముందుకు జరిపి చూడకండి, నిదానమే అందులో అసలు సంగతి. చూసిన సినిమానే ఇంకోసారి చూడండి. దోషి ఎవరో తెలుసు గనుక ఈసారి కథ వెంట పరిగెత్తనక్కర్లేదు, ఎవరు ఎప్పుడు చూపు తిప్పుకున్నారో, ఏ తలుపు ఎంతసేపు తెరిచి ఉందో చూడవచ్చు.

మీ ఇళ్ళలో అటక మీద, ట్రంకు పెట్టెల్లో పాత పాటల పుస్తకాలు, పోస్టర్లు, డిటెక్టివ్ నవలలు ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. గ్రంథాలయానికివ్వండి, లేదా సినిమా చరిత్ర మీద పనిచేసేవాళ్ళ చేతికివ్వండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, వాళ్ళు చూసిన సస్పెన్స్ సినిమా ఏ హాల్లో చూశారో, ఎక్కడ భయపడ్డారో అడిగి రాసిపెట్టండి. పిల్లలకు ‘అన్వేషణ’తోనో ‘సి.ఐ.డి.’తోనో మొదలుపెట్టించండి. హంతకుడెవరో మాత్రం ముందే చెప్పకండి.